పొడుగ్గా ఉంటే పెద్దదేనా?

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఐదో తరగతి నుంచి స్కూల్ హాకీ టీంలో ఉంది. ఈ మూడేళ్లలో హాకీ గురించి కొంత నేర్చుకున్నాను. గ్యాలరీలో కూర్చునే మన తల్లిదండ్రుల గురించి అంతకన్నా ఎక్కువ నేర్చుకున్నాను. క్రికెట్ తెలిసినంతగా మనలో చాలామందికి హాకీ తెలియదు. టోక్యోలో 41 ఏళ్ల తర్వాత పురుషుల జట్టుకు ఒలింపిక్ పతకం వచ్చినప్పుడు, 2024లో పారిస్‌లో మళ్లీ వచ్చినప్పుడు టీవీ ముందు చప్పట్లు కొట్టాం, అంతే. అయినా మన పిల్ల స్టిక్ పట్టుకుని గ్రౌండ్‌లోకి దిగిందంటే చాలు, మనమే అంపైర్లం, మనమే సెలెక్టర్లం.

టోర్నమెంట్ ఏదైనా గ్యాలరీలో వినపడే మాటలు మూడే. "మా పాపను ఎందుకు ఆడించలేదు?" "అంపైర్ వాళ్ల వైపే ఉన్నాడు." "ఆ పిల్లలు మన పిల్లల వయసువాళ్లు కాదు." ఈ మూడింటి వెనకా ఉన్నది న్యాయం గురించిన ఆరాటమే. అందుకే వాటిని కొట్టిపారేయకుండా ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎన్ని నిమిషాలు ఆడింది?

హాకీలో గ్రౌండ్‌లో ఉండేది గోల్‌కీపర్‌తో కలిపి 11 మంది. కానీ ఫుట్‌బాల్‌లోలాగా సబ్‌స్టిట్యూషన్లకు లెక్క లేదు. పెనాల్టీ కార్నర్ జరుగుతున్నప్పుడు తప్ప ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. బయటికి వచ్చిన అమ్మాయి మళ్లీ లోపలికి వెళ్లొచ్చు. కోచ్ తలుచుకుంటే బెంచీ మీద అందరినీ ఆడించగలడని దీని అర్థం. మన తల్లిదండ్రులు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చోవడానికి కారణం కూడా ఇదే. "ఫీజు అందరం ఒకటే కడుతున్నాం కదండీ" అన్న మాట నేను కనీసం నాలుగు మ్యాచ్‌లలో విన్నాను.

మా కోచ్ సర్ పద్ధతి నాకు నచ్చింది. లీగ్ మ్యాచ్‌లలో ప్రతి పిల్లా కనీసం ఒక క్వార్టర్ ఆడుతుంది. నాకౌట్‌లో ఎవరు ఎంతసేపన్నది ఆయన నిర్ణయం. ఈ సంగతి జూన్‌లోనే, టీం ఎంపికకు ముందే చెప్పేశారు. మా అమ్మాయి నాకౌట్ మ్యాచ్‌లలో ఎక్కువసేపు బెంచీ మీదే ఉంటుంది. బాధ లేదని చెప్పను. కానీ ముందే చెప్పిన నియమం అందరికీ ఒకేలా అమలవుతున్నప్పుడు దాన్ని అన్యాయం అనలేను.

ఇంకో సంగతి ఉంది. మా అమ్మాయి పుట్టింది నవంబర్‌లో. టీంలో గట్టిగా ఆడే ఇద్దరు ముగ్గురు అదే ఏడాది జనవరి, ఫిబ్రవరిలలో పుట్టారు. 1980ల మధ్యలో కెనడాలో రోజర్ బార్న్‌స్లీ అనే సైకాలజిస్టు అక్కడి మేటి జూనియర్ ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలు పరిశీలించారు. ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లే చాలా ఎక్కువమంది కనిపించారు. అక్కడ వయసు లెక్కకు గీత జనవరి 1. ఆ గీత పక్కనే పుట్టిన పిల్లాడు డిసెంబర్‌లో పుట్టినవాడికన్నా దాదాపు ఏడాది పెద్ద. తొమ్మిది పదేళ్ల వయసులో ఏడాది అంటే చాలా తేడా. బలంగా ఉన్నవాడు సెలెక్ట్ అవుతాడు. సెలెక్ట్ అయినవాడికి మంచి కోచింగ్, ఎక్కువ మ్యాచ్‌లు దొరుకుతాయి. నాలుగేళ్లు గడిచేసరికి వాడు నిజంగానే మెరుగైన ఆటగాడవుతాడు. మాల్కమ్ గ్లాడ్‌వెల్ 2008లో వచ్చిన 'ఔట్‌లయర్స్' పుస్తకంలో చెప్పాక ఈ విషయం ప్రపంచమంతా తెలిసింది.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు. అయినా కొందరికి లాభం, కొందరికి నష్టం. వయసు గీత ఎక్కడ గీసినా ఇది తప్పదు. అందుకే నవంబర్ పిల్లల తల్లిదండ్రులకు నేను చెప్పే మాట ఒకటే. 13 ఏళ్లకే పిల్ల ఆట గురించి తీర్పు ఇచ్చేయకండి.

అంపైర్ విజిల్ ఎందుకు వేయలేదు?

హాకీలో ఇద్దరు అంపైర్లు ఉంటారు. చెరో సగం చూసుకుంటారు. స్కూల్ మ్యాచ్‌లలో వీడియో రెఫరల్ ఉండదు. బంతి ఎవరి కాలికి తగిలినా గ్యాలరీ మొత్తం "ఫుట్! ఫుట్!" అని అరుస్తుంది. విజిల్ రాకపోతే అంపైర్ అమ్ముడుపోయాడంటారు. నిజానికి బంతి కాలికి తగిలిన ప్రతిసారీ ఫౌల్ కాదు. దానివల్ల ఆ జట్టుకు లాభం కలిగితేనో, కావాలని కాలు అడ్డుపెడితేనో ఫౌల్. ఒక్కోసారి ఫౌల్ జరిగినా, బంతి ఇంకా మన పిల్లల దగ్గరే ఉంటే అంపైర్ ఆట ఆపకుండా సాగనిస్తారు. అది మనకే మేలు.

ఈ రెండు నియమాలు తెలిశాక నా గొంతు సగం తగ్గింది. మిగతా సగం, అంపైరింగ్ చేస్తున్నది కాలేజీలో చదివే అబ్బాయని తెలిశాక తగ్గింది.

ఆ అమ్మాయి ఫొటో

మూడో మాటకు వస్తాను. అసలు ఈ వ్యాసం రాస్తున్నది దాని కోసమే.

మొన్నటి అండర్ 14 బాలికల టోర్నమెంట్ సెమీఫైనల్‌లో మన ఎదుటి జట్టు ఒక ప్రభుత్వ గురుకుల పాఠశాలది. వాళ్ల సెంటర్ హాఫ్ మన పిల్లలందరికన్నా జానెడు ఎత్తు. రెండు పెనాల్టీ కార్నర్లను రెండు గోల్స్ చేసింది. మనం 2-1తో ఓడిపోయాం.

ఇంటికి చేరేలోపే పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్ నిండిపోయింది. ఒకరు ఆ అమ్మాయి ఫొటోను పెద్దది చేసి, చుట్టూ ఎర్ర గీత గీసి పెట్టారు. "ఈ అమ్మాయి అండర్ 14 అంటే నమ్ముతారా?" అని కింద రాశారు. ఇంకొకరు ప్రొటెస్ట్ లెటర్ డ్రాఫ్ట్ చేశారు. బోన్ టెస్ట్ చేయించాలని, అప్పటిదాకా ఆ అమ్మాయిని ఫైనల్ ఆడనివ్వకూడదని అందులో ఉంది. ప్రొటెస్ట్ ఫీజు తానే కడతానని ఒక తండ్రి ముందుకొచ్చారు. పావుగంటలో పదకొండు మంది పేర్లు చేరాయి.

నేను పేరు ఇవ్వలేదు. ముందు ఆ ఫొటో తీసేయమని అడిగాను. అది ఇంకొకరి కూతురి ఫొటో. వాళ్లమ్మ ఈ గ్రూప్‌లో లేదు, జవాబు చెప్పుకునే వీలు లేదు.

లెటర్ రాసిన తండ్రి మాటలో న్యాయం లేదని కాదు. "రూల్ అంటే రూల్ కదమ్మా, అడగడంలో తప్పేముంది?" అన్నారు. మన దేశంలో వయసు తగ్గించి ఆడించడం కల్పిత కథ కాదు. దాన్ని అరికట్టడానికే కేంద్రం 2010లో ఒక జాతీయ నియమావళి తెచ్చింది. పదహారేళ్ల పిల్ల అండర్ 14లో ఆడితే, నిజంగా 13 ఏళ్లున్న పిల్ల చోటు పోతుంది, దెబ్బలు కూడా తగులుతాయి. ఇవన్నీ నిజమే.

అయితే కంటితో చూసి వయసు చెప్పగలమా? బోన్ టెస్ట్‌లో ఎక్కువగా వాడే టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎడమ చేతి మణికట్టుకు ఎక్స్‌రే తీస్తారు. ఎముకలు ఎంతవరకు ఎదిగాయో చూసి అంచనా కడతారు. అది చెప్పేది ఎముకల వయసు. పుట్టిన తేదీ కాదు. ఒకే నెలలో పుట్టిన ఇద్దరు ఆరోగ్యవంతమైన పిల్లల మధ్య కూడా అందులో ఏడాదికి పైగా తేడా రావొచ్చు. పన్నెండు పదమూడేళ్ల ఆడపిల్లల్లో కొందరు అప్పటికే ఎదిగిపోయి ఉంటారు, కొందరు ఇంకా మొదలే పెట్టరు. మన టీంను వరసగా నిలబెట్టి చూస్తే చాలు, తెలిసిపోతుంది.

ఆ రాత్రి గ్రూప్‌లో ఒక తల్లి వాయిస్ మెసేజ్ పెట్టారు. వాళ్లమ్మాయి మన టీంలో అందరికన్నా పొడుగు. పోయిన ఏడాది ఒక మ్యాచ్‌లో అవతలి తల్లిదండ్రులు ఆ పిల్లనే వేలెత్తి చూపించారట. గ్రౌండ్‌లో అందరి ముందూ సర్టిఫికెట్ చూపించాల్సి వచ్చిందట. "కాగితం చూసి వాళ్లు వెళ్లిపోయారండీ. మా పాప మాత్రం అప్పటినుంచి లైన్‌లో నిలబడితే భుజాలు వంచుతోంది" అన్నారు.

ఆ తర్వాత చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. ఫొటో మాత్రం మాయమైంది.

మా ఇంట్లో ఇంకో తమాషా జరిగింది. అన్నం తింటూ మా అమ్మాయి, "ఆ అక్క ట్రాప్ ఎంత నీట్‌గా చేసిందో చూశావా అమ్మా? బంతి స్టిక్‌కి అతుక్కున్నట్టే" అంది. "అక్క అంటున్నావంటే నీకంటే పెద్దదనేగా?" అన్నారు మావారు. "అదేం కాదు నాన్నా, మాకంటే బాగా ఆడితే అక్కే" అంది.

కాగితాలు ఏం చెప్పాయి?

మర్నాడు పొద్దున కోచ్ సర్ ఒక దారి చెప్పారు. ఒక్క పిల్ల పేరు ఎత్తకుండా, సెమీస్‌కు వచ్చిన నాలుగు జట్ల ఎంట్రీ ఫారాలనూ మరోసారి సరిచూడమని నిర్వాహకులను అడుగుదామన్నారు. అందులో మన జట్టు కూడా ఉంటుంది. అందరూ ఒప్పుకున్నారు.

ఆ అమ్మాయి బర్త్ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్ రెండూ సరిగ్గా ఉన్నాయి. పుట్టిన వారంలోనే రిజిస్టర్ చేయించారు. తేదీల్లో తేడా దొరికింది ఒక్క పిల్లకే. ఆ పిల్ల మన టీంలోదే. బర్త్ సర్టిఫికెట్‌లో ఒక తేదీ, ఆధార్‌లో రోజు, నెల తారుమారై ఇంకో తేదీ. ఎక్కడో టైప్ చేసినవాళ్ల పొరపాటు అది. పిల్ల అర్హతకు ఇబ్బంది లేదు కాబట్టి సరిపోయింది. కానీ ఆ తేడా గురుకులం పిల్ల కాగితంలో కనిపించి ఉంటే మన గ్రూప్ దాన్ని పొరపాటు అనేదా, మోసం అనేదా?

లెటర్ రాసిన తండ్రికి ఇప్పటికీ పూర్తిగా నమ్మకం కుదరలేదు. "కాగితాలు సరేనండీ" అని ఆగిపోతారు. మేం కలిసినప్పుడు టీ తాగుతూ దీని గురించి వాదించుకుంటూనే ఉన్నాం. వాదించుకోవచ్చు. ఆ వాదనలోకి ఒక పిల్ల ఫొటో రాకపోతే చాలు.

మనం ప్రొటెస్ట్ చేయని అన్యాయం

ఆ మ్యాచ్‌లో నేను గమనించిన ఇంకో విషయం. గురుకులం గోల్‌కీపర్ ప్యాడ్‌ల పట్టీలు తెగిపోతే తాడుతో కట్టుకుంది. వాళ్లు రోజూ ప్రాక్టీస్ చేసేది మట్టి గ్రౌండ్‌లో. మన పిల్లలు వారానికి రెండు రోజులు టర్ఫ్ మీద ఆడతారు. చేతిలో వేల రూపాయల కాంపోజిట్ స్టిక్‌లు. టర్ఫ్ మీద బంతి వేగం వేరు, కాళ్ల కింద పట్టు వేరు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ మైదానం మీద హాకీ ఆడించినప్పుడు, అప్పటిదాకా ప్రతి ఒలింపిక్స్‌లోనూ పతకం తెస్తూ వచ్చిన మన జట్టు ఏడో స్థానానికి పడిపోయింది. గ్రౌండ్ మారితే ఆట ఎంత మారుతుందో మన దేశానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయినా ఆ రోజు వాళ్ల తరఫున ఎవరూ ప్రొటెస్ట్ లెటర్ రాయలేదు.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఒక పల్లె నుంచి వచ్చి భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన రజని ఎతిమర్పు లాంటివాళ్లను చూసి గర్వపడతాం. అలాంటి పిల్ల మన పిల్లను ఓడించిన రోజు కూడా ఆ గర్వంలో కొంత మిగలాలి.

మేం అనుకున్నవి

ఆ టోర్నమెంట్ తర్వాత మా టీం తల్లిదండ్రులం కూర్చుని నాలుగు విషయాలు అనుకున్నాం. మీకూ పనికొస్తాయేమో చూడండి.

1. ఆట సమయం గురించి ఏ ప్రశ్న ఉన్నా మ్యాచ్ అయిన మర్నాడే కోచ్‌ను అడగాలి. గ్యాలరీ నుంచి అడగకూడదు.

2. వయసు, అర్హతల మీద అనుమానం ఉంటే టోర్నమెంట్ మొదలయ్యే ముందే, అన్ని జట్లకూ కలిపి అడగాలి. మన పిల్లల కాగితాలు ముందు మనమే సరిచూసుకోవాలి.

3. అవతలి జట్టు పిల్లల ఫొటోలు, వీడియోలు గ్రూప్‌లో పెట్టకూడదు.

4. తిరుగు ప్రయాణంలో పిల్లలు మాట్లాడితే వినాలి. మ్యాచ్ విశ్లేషణ వాళ్లు మొదలుపెడితేనే మనం కొనసాగించాలి.

వచ్చే నెలలో జోనల్ పోటీలు ఉన్నాయి. ఈసారి ఫారాలు పది రోజుల ముందే ఇచ్చేశాం. ఆధార్‌లో తేదీ కూడా సరి చేయించారు. వాళ్ల స్కూల్‌తో ఒక ఫ్రెండ్లీ మ్యాచ్ మన టర్ఫ్ మీద పెట్టాలని కోచ్ సర్ అడిగారు, రెండు వైపులా ఒప్పుకున్నారు. ఆ అక్క దగ్గర ట్రాప్ నేర్చుకోవాలని మా అమ్మాయి రోజులు లెక్కపెడుతోంది. వీలైతే మీరూ రండి. నీళ్ల బాటిల్, టోపీ తెచ్చుకోండి. స్టాప్‌వాచ్ అక్కర్లేదు.