కారులోని లోపం, కొనేవారి హక్కు

రేడియేటరులో కూలెంటు తగ్గుతూ ఉంది. నేలపై మాత్రం ఒక్క చుక్క కనిపించదు. దోమకొండ నుండి కామారెడ్డి చేరేలోపే వేడిని చూపే ముల్లు ఎర్రగీతను తాకుతోంది. ఉదయం ఇంజను మొదలుపెట్టగానే పొగగొట్టం నుండి తియ్యని వాసనతో తెల్లని ఆవిరి చాలాసేపు వస్తోంది. ఈ లక్షణాలన్నీ కలిసి కనబడితే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించవలసిందే. పూర్తిగా చల్లారిన ఇంజనుపై రేడియేటరు మూత తీసి స్టార్ట్ చేయించగా, నీటిలో ఆగకుండా బుడగలు లేచాయి. సిలిండరులో మండిన వాయువు నీటి మార్గంలోకి చొరబడుతోందన్న మాట.

మెకానిక్ రెండు మార్గాలు చెప్పాడు. మొదటిది, సీసాలో దొరికే ద్రవాన్ని రేడియేటరులో పోయడం. ఇటువంటి ద్రవాలలో తరచుగా ఉండేది సోడియం సిలికేట్. అది వేడికి గట్టిపడి చీలికను కొంతకాలం మూస్తుంది. రేడియేటరులోని సన్నని గొట్టాలను కూడా మూయగలదు. రెండవది, హెడ్ విప్పడం. ఒకదానికి వందలు, మరొకదానికి వేలు. మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసిన నెల అది.

“మందు పోయించి రెండు నెలల్లో అమ్మేద్దాం, దుల్హాభాయ్. కొనేవాడు చూసుకొనే కొంటాడు కదా!” అన్నాడు మా బావమరిది. అతడు చెడ్డవాడు కాడు. మా ఇంటి ఖర్చులు ఎరిగినవాడు. కానీ దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడిని కనుగొని వర్తకుణ్ణి మందలించిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. ఆ తడి వాన వల్ల వచ్చినది, వర్తకుడు చేసినది కాదు. అయినా దానిని పైకి కనబడనీయకపోవడమే తప్పయింది. బుడగలను మేము కళ్ళారా చూశాము. చెప్పి అమ్మితే సగం ధర రాదు. అమ్మీని హైదరాబాదు ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి బండీ ఉండదు.

విప్పించాము. రెండు సిలిండర్ల నడుమ గ్యాస్కెట్ కాలి నల్లబడి ఉంది. హెడ్ అల్యూమినియం, బ్లాక్ పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే ఇంజను మితిమీరి వేడెక్కితే హెడ్ వంగుతుంది. దానిపై ఉక్కు స్కేలు నిలిపి చూస్తే, మధ్యలో 0.15 మి.మీ. ఫీలర్ గేజ్ దూరింది. చాలా ఇంజన్లకు అనుమతించే వంపు 0.05 మి.మీ. దరిదాపుల్లోనే ఉంటుంది. వంగిన హెడ్‌పై కొత్త గ్యాస్కెట్ వేస్తే డబ్బు దండగే. నిజామాబాదు పంపి, పగుళ్ళు లేవని పరీక్ష చేయించి, ఫేసింగ్ చేయించాము. మా బండి హెడ్ బోల్టులు బిగించినప్పుడు సాగే రకానివి. వాటిని మళ్ళీ వాడరాదు గనుక కొత్తవి కొన్నాము.

చేతి అంచనాతో బిగిస్తానన్నాడు మెకానిక్. నేను ఒప్పుకోలేదు. కాస్త అలిగినా, పక్క షెడ్డు నుండి టార్క్ రెంచ్ తెచ్చి, నడుమ నుండి అంచులకు, విడతలు విడతలుగా బిగించాడు. “దోమకొండ కోటకు చేసినంత మరమ్మతు చేయిస్తున్నారు, సాబ్” అన్నాడు. 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారం పొందిన కోట అది, అందరమూ నవ్వుకున్నాము. ఇంత వేడి ఎందుకెక్కిందో కూడా వెతికించాను. థర్మోస్టాట్ మూసుకుపోయి ఉంది. అదీ మార్చాము.

కాలేజీవారిని అడిగితే ఫీజుకు రెండు వాయిదాలు ఇచ్చారు. హెడ్ నుండి ఎంత మందం తీశారో రాయించుకున్న చీటీ డ్యాష్‌బోర్డు అరలో ఉంది; బండి ఎప్పుడు అమ్మినా అది కొనేవారికే చెందుతుంది. ఇన్షా అల్లాహ్, వచ్చే సోమవారం అమ్మీకి హైదరాబాదులో పరీక్షలు ఉన్నాయి.