గాలి ఎక్కడ పోతుందో తేలాకే డబ్బు

అల్లాయ్ వీల్స్ ఉన్న కారు ఎనిమిది, పదేళ్లు దాటితే ఈ ఖర్చు ఏదో ఒక రోజు తలుపు తడుతుంది. మేకు గుచ్చుకోదు, పంక్చర్ ఉండదు, టైరు చూడ్డానికి బాగానే ఉంటుంది, గాలి మాత్రం నిలవదు. మాది 2016లో కొన్న బండి. చక్రాలు కంపెనీ నుంచి వచ్చినవే. విశాఖలో సముద్రానికి దగ్గర ఇల్లు, రాత్రీ పగలూ ఉప్పుగాలి. ముందు ఎడమ టైరుకి 33 పాయింట్లు కొట్టిస్తే వారం పది రోజుల్లో 25కి దిగేది. మిగతా మూడూ బాగానే ఉండేవి.

ఆ తేడాయే అసలు ఆనవాలు. నాలుగు టైర్లలోనూ సమానంగా తగ్గితే వాతావరణం అనుకోవచ్చు. చలి అయిదారు డిగ్రీలు పెరిగితే ఒక పాయింటు దానంతటదే పడిపోతుంది. ఒక్క టైరే దిగుతోందంటే ఎక్కడో దారి ఉన్నట్టు.

సలహాలు చాలా వచ్చాయి. పుణెలో ఉన్న మా అబ్బాయి ఫోన్‌లో "అమ్మా, ఆ పాత వీల్స్ తీసేసి కొత్త సెట్టు వేయించెయ్, ఇరవై ఎనిమిది వేలు అవుతుందంతే" అన్నాడు. పంక్చర్ షాపతను ట్యూబ్ వేసేస్తానన్నాడు. ట్యూబ్‌లెస్ టైరు గొప్పదనమే మేకు దిగినా గాలి మెల్లగా పోవడం. లోపల ట్యూబ్ ఉంటే ఒక్కసారిగా దిగిపోతుంది. హైవే మీద 90లో వెళ్లేటప్పుడు అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి కాబట్టి వద్దన్నాను. ఇంకొకరు నైట్రోజన్ అన్నారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. కారే అంచులోంచి అదీ కారిపోతుంది. పెట్రోలు బంకులో ఉచితంగా దొరికే గాలిని వదిలి దానికి డబ్బు ఇవ్వడంలో నాకు అర్థం కనిపించలేదు.

రూ.28,000 మాట పక్కనపెట్టి, ఈ గాలి పోవడం వల్ల నిజంగా ఎంత పోతోందో ముందు లెక్క వేశాను. నాలుగు టైర్ల సగటు గాలి ఒక పాయింటు తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. ఒక టైరులో 8 పాయింట్లు తగ్గితే సగటున 2, అంటే 0.4 శాతం. ఏడాదికి 9,000 కిలోమీటర్లు, లీటరుకి 15 చొప్పున 600 లీటర్లు, లీటరు రూ.108 అనుకుంటే ఏడాది పెట్రోలు ఖర్చు రూ.64,800. ఏడాదంతా అలాగే తిప్పినా నష్టం రూ.260 లోపే. పెట్రోలు కోసం కంగారుపడక్కర్లేదన్నమాట.

టైరు లెక్క వేరు. గాలి తక్కువైతే టైరు మధ్యభాగం కన్నా రెండు అంచులూ ముందు అరుగుతాయి. రూ.5,500 పెట్టి కొన్న టైరు 40,000 కిలోమీటర్లు రావాల్సింది 28,000కే మార్చాల్సి వస్తే రూ.1,650 పోయినట్టే. ముందు టైర్లు జతగా మార్చుకోవాలి కాబట్టి ఆ నష్టం రెట్టింపు. అన్నిటికన్నా పెద్దది వేడి. గాలి తగ్గిన టైరు పక్కగోడ ప్రతి చుట్టులోనూ ఎక్కువ వంగుతుంది, వంగిన కొద్దీ కాగుతుంది. మే నెలలో విజయవాడ దాకా 350 కిలోమీటర్లు ఆ టైరుతో వెళ్లడాన్ని రూపాయల్లో లెక్క కట్టలేం. అందుకే పనిని వాయిదా వేయలేదు.

కాస్త పెద్ద టైర్ల షాపుకి వెళ్లి, చక్రం ఊడదీసి నీళ్ల తొట్టిలో ముంచమన్నాను. ఇంట్లో సబ్బునీళ్లు పోసి చూడొచ్చు గానీ బయటి అంచు, వాల్వు, టైరు పైభాగం మాత్రమే కనిపిస్తాయి. లోపలి అంచు చక్రం విప్పితే తప్ప కనిపించదు, లీకులు దాక్కునేది ఎక్కువగా అక్కడే. మా చక్రానికీ లోపలివైపే సన్నటి బుడగలు వరసగా లేచాయి. మెకానిక్ టైరు విప్పి చూపించాడు. రబ్బరు ఆనే చోట జానెడు మేర తెల్లపొడి, సున్నం రాలినట్టు. పైనున్న పూత పొక్కులై లేచింది. "టైరు తప్పేం లేదు మేడమ్, రిమ్మునే తుప్పు తినేసింది" అన్నాడు.

అల్యూమినియం తుప్పు ఎర్రగా ఉండదు. పైపొర ఎక్కడైనా గీరుకుపోతే ఉప్పూ తేమా లోపలికి చేరి ఈ తెల్లపొడి పుడుతుంది. అసలు లోహం కన్నా అది ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మిగిలిన పొరని ఎత్తేస్తుంది, రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు చేస్తుంది. బ్యాలెన్సింగ్ కోసం అంచుకి తగిలించే ఇనుప బరువుల దగ్గర ఇది ఇంకా త్వరగా మొదలవుతుంది.

దీనికి మందు చవకే. పొడిని గీకి, సన్న ఎమెరీతో నున్నగా చేసి, బీడ్ సీలర్ రాసి టైరు తిరిగి ఎక్కించాలి. చక్రానికి రూ.350 అడిగాడు. గ్రైండర్ పెట్టనివ్వకండి. గాట్లు పడితే కొత్త లీకులు అక్కడే మొదలవుతాయి. రబ్బరు వాల్వు కూడా మార్పించాలి. తొమ్మిదేళ్ల వాల్వు వేలితో వంచితే మొదలు దగ్గర సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. దాని ధర రూ.60.

నాలుగూ ఒకే ఉప్పుగాలి తిన్నవి కాబట్టి మిగతావీ విప్పించాను. వెనక కుడి చక్రం లోపలివైపు వెంట్రుకంత బీట బయటపడింది. ఏ గుంతలోనో పడిన దెబ్బ. అప్పటికింకా గాలి పోవడం లేదు, పోవడానికి సిద్ధంగా ఉంది. వెల్డింగ్‌కి రూ.1,500 చెప్పారు. నేను ఒప్పుకోలేదు. పోతపోసిన ఈ చక్రాలని బాగా కాచి, నీళ్లలో చల్లార్చి, మళ్లీ ఓవెన్‌లో పెట్టి బలం తెప్పిస్తారు. వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల ఆ బలం తగ్గిపోతుంది. గాలి ఆగవచ్చు, చక్రం ఆగుతుందన్న భరోసా లేదు. సొట్టని సరిచేయించుకోవడం వేరు, బీటని అతికించడం వేరు.

కంపెనీ చక్రం ఒక్కటి రూ.9,500. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చెయ్యొచ్చు కదా అన్నారు. ఇక్కడ మాత్రం కాగితం పెన్నూ తీసుకోండి. తుప్పు అరుగుదల కిందికి వస్తుంది, పాలసీ దానికి పైసా ఇవ్వదు. గుంతలో పగిలితే ప్రమాదమే గానీ, అయిదేళ్లు దాటి పదేళ్ల లోపున్న బండికి లోహపు భాగాల మీద 40 శాతం తరుగు తీసేస్తారు. మిగిలిన రూ.5,700లో 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరి కోత రూ.1,000. చేతికొచ్చేది రూ.4,700. బదులుగా నాకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్ సున్నా అవుతుంది. తర్వాత 20, 25, 35, 45 మెట్లెక్కి మళ్లీ 50కి చేరేసరికి పోగొట్టుకునేది ఒక ఏడాది సొంత నష్టం ప్రీమియంలో 125 శాతం. ఆ ప్రీమియం బోనస్‌కి ముందు రూ.7,000 అనుకుంటే రూ.8,750. బోనస్‌కి రక్షణ ఇచ్చే అదనపు కవర్ నా పాలసీలో లేదు. కాబట్టి క్లెయిమ్ జోలికి వెళ్లలేదు, జేబులోంచే కొన్నాను.

మూడు చక్రాల శుభ్రానికి రూ.1,050, నాలుగు వాల్వులకి రూ.240, బ్యాలెన్సింగ్‌కి రూ.480, కొత్త చక్రంతో కలిపి రూ.11,270. పాతది తూకానికి అమ్మితే వెయ్యి దాకా వచ్చింది. మా అబ్బాయి చెప్పిన సెట్టుతో పోలిస్తే సగం కూడా కాలేదు. అమ్మితే రెండున్నర లక్షలు పలికే బండికి పదో వంతుకి మించిన డబ్బు చక్రాల మీద పెట్టడం నా దృష్టిలో దండగ. నాలుగింటిలో రెండు మూడు బీటలిచ్చి ఉంటే లెక్క మారేది. అప్పుడు అందం మాట వదిలేసి, ఒక్కోటి రూ.2,200కి దొరికే స్టీలు రిమ్ములు నాలుగూ వేయించేదాన్ని.

గీకిన చోట తెల్లపొడి కొన్నేళ్లకి మళ్లీ వస్తుంది, ముఖ్యంగా సముద్రం పక్కన. అందుకని ఈ పనికి సరైన సమయం టైర్లు మార్చే రోజు. ఎలాగూ టైరు విప్పుతారు, విప్పడానికీ బిగించడానికీ విడిగా కూలి పడదు. మీరు ఈసారి కొత్త టైర్లు వేయించేటప్పుడు అక్కడే నిలబడండి. పాత టైరు ఊడగానే లోపలి అంచు చూపించమనండి, పొడి ఉంటే గీకించండి, వాల్వులు నాలుగూ మార్పించండి, ఆ తర్వాతే కొత్త టైరు ఎక్కించనివ్వండి.