నరికే వేషం (ఏడో భాగం)



పోయిన వారం ఆదోనిలో క్లాసు అయిపోయినాక ఒక పిల్లోడు ఆగి అడిగినాడు. "సార్, సారంగధరలో అసలు పగ ఎవరిది? చిత్రాంగిదా, రాజుదా?" సిలబస్ జవాబు చెప్పి బయటపడ్డాను. ఎమ్మిగనూరు బస్సెక్కినాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

"విషాద సారంగధర" ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో రాసి ఆడించిన నాటకం. తెలుగులో తొలి విషాదాంత నాటకమని పరీక్షల్లో రాస్తామే, అదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆదోని కూడా బళ్ళారి జిల్లానే, కాబట్టి ఇది మన ఇంటి నాటకం. జనంలో తిరిగే కథ ఇది: కొడుక్కని చూసిన చిత్రాంగిని రాజరాజనరేంద్రుడే చేసుకుంటాడు. పావురం కోసం సారంగధరుడు ఆమె మేడకు పోతాడు. ఆమె కోరుతుంది, అతను కాదంటాడు. ఆమె రాజుకు తిరగేసి చెబుతుంది. రాజు కొడుకు కాళ్లూ చేతులూ నరికించమంటాడు.

చిత్రాంగిని నేను వెనకేసుకు రాను. అబద్ధపు నింద ఒక మనిషిని ఏం చేస్తుందో మా గేరికి బాగా తెలుసు. అయితే ఆమె పగలో సగం భయం. ఆ పిల్లోడు పోయి నిజం చెబితే తెగేది ఆమె తలే. తనను అడక్కుండా మొగుణ్ణి మార్చిన ఇంట్లో ఆమెకు మిగిలింది నోరొక్కటే.

రాజుకేం తక్కువ? సైన్యముంది, కొలువుంది, తెల్లారేదాకా ఆగే తీరిక ఉంది. కన్నకొడుకును పిలిచి ఒక్క మాట అడగడు. నా సొత్తు ముట్టుకున్నాడన్న మంట అది. దాన్నే మన పుస్తకాలు రాజాజ్ఞ అంటాయి. చిత్రాంగి పేరు తిట్టయింది. రాజరాజు పేరు మాత్రం నన్నయతో భారతం రాయించిన ప్రభువుగా మేమే మొదటి పాఠంలో చెబుతాం. (ఈ కథను ఆ రాజుకు తర్వాత అంటగట్టారనే పండితులున్నారు. ఆ చర్చ ఇంకోరోజు.)

హామ్లెట్, లెయర్టీస్ ఇద్దరూ తండ్రుల కోసం పగబట్టినోళ్లే. చివరికి ఇద్దరూ ఎవరి కత్తి వాళ్లే పట్టుకొని ఎదురెదురుగా నిలబడతారు. మన నాటకంలో పగబట్టిన ఇద్దరి చేతులకూ నెత్తురంటదు. నరికేది తలారి.

ఆ తలారి వేషం మా జేజినాయనది. ఊర్లో సారంగధర ఆడినప్పుడల్లా ఆయన్నే పిలిచేవాళ్లు. రాజు వేషం మా గేరికి ఎందుకిస్తారు? పద్యం లేదు, రాగం లేదు. "అట్లే ప్రభూ" అనడం, నరకడం, అంతే.

ఒక రాత్రి ఊరిపెద్ద ఇంటికి పిలిపించినాడంట. ఆయనకూ దాయాదికీ పొలం గట్టు కాడ తగాదా. "రేపు సందేళకు కత్తి తీసుకొని రా" అన్నాడు. జేజినాయన అలవాటు కొద్దీ "అట్లే" అని ఇంటికొచ్చి, జేజినీ పిల్లల్నీ లేపి, తెల్లారకముందే గుంటూరు మిరప చేలకు వలస పోయినాడు. మూడేండ్లు ఊరి మొహం చూడలేదు. మా నాయన బడి ఆడ్నే ఆగిపోయింది.

నేను పీహెచ్‌డీలో చేరినప్పుడు ఆ వేషం గురించి అడిగితే జేజినాయన ఇట్లన్నాడు: "నరకమన్నోడు ఆఖర్న తెర ముందరికొచ్చి ఏడుస్తాడు రా. జనమంతా ఆయన తోడ ఏడుస్తారు. నేను తెర ఎనక్కి పోతావుంటే ఉమ్ముతారు."

చిత్రాంగి మీదా రాజు మీదా నా థీసిస్‌లో నలభై పేజీలున్నాయి. తలారి మీద ఒక్క పేరా కూడా లేదు. ఈ మాట విన్న తర్వాత కూడా రాయలేదు. గైడు ఏమంటారోనని కాదు, నాకే తట్టలేదు.

ఆ ప్రశ్న అడిగిన పిల్లోడి నాయన ఎవరి తగాదాలోనో జైలుకు పోయినాడని నిన్ననే తెలిసింది. తగాదా పడినోళ్లిద్దరూ రాజీ అయిపోయినారంట. సోమవారం క్లాసు తలారి సీనుతో మొదలుపెడతాను.