పడేవాడి విద్య

ఛందస్సూ, సంధులూ, సమాసాలూ చెప్పి ముప్ఫైమూడేళ్ళు జీతం తీసుకున్న తెలుగు పండితుడికి అమెరికావాళ్ళ టీవీ కుస్తీలతో ఏమి పని అని మిత్రులు ముక్కున వేలేసుకోవచ్చు. వేసుకోనివ్వండి. నా మటుకు నాకు ఇదీ రూపకచర్చే. భరతుడు లెక్కపెట్టిన పది రూపకాలకూ బయట పెరిగిన పదకొండవది అందాం, ప్రస్తుతానికి.

ఆ కార్యక్రమం పేరు 'రా'. ఇంగ్లీషులో పచ్చిదని అర్థం. మా అమ్మ మాత్రం దాన్ని తెలుగు మాటగానే తీసుకుంది. "రమ్మని పిలుస్తున్నాడుగా, కూర్చోండి" అనేది. 1993 జనవరి 11న న్యూయార్కులో ఒక గంట కార్యక్రమంగా మొదలై, 1997లో రెండు గంటలకు, 2012లో మూడు గంటలకు పెరిగింది. 2025 జనవరిలో నెట్‌ఫ్లిక్సుకు మారింది. క్రికెట్టుకున్నట్టు దీనికి ఋతువు లేదు. ఏడాది పొడుగునా సోమవారం వచ్చిందంటే గోదా చుట్టూ జనం, గోదాలో ఇద్దరు. వారం వారం వైరం పెంచుతారు. ఒకడు ఇంకొకడిని అవమానిస్తాడు, స్నేహితుడు వెన్నుపోటు పొడుస్తాడు, తమ్ముడు ముసుగు వేసుకుని అన్నమీదికి వస్తాడు. నెల తిరిగేసరికి ఒక పెద్ద రాత్రి, ఆ పగ తీరే పోటీ. మరుసటి సోమవారం కొత్త పగ.

ఇందులో నాయకుణ్ణి 'ఫేస్' అనీ, ప్రతినాయకుణ్ణి 'హీల్' అనీ అంటారు. ముఖమూ, మడమా! మన ఆలంకారికులకు కూడా ఇంత క్లుప్తమైన పరిభాష తట్టలేదు. గెలుపెవరిదో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ సంగతి లోకానికి పొక్కకుండా కాపాడే ఆచారానికి 'కేఫేబ్' అని పేరు. పూర్వం ఈ ఆచారాన్ని ఎంత నిష్ఠగా పాటించేవారంటే, గోదాలో శత్రువులైనవాళ్ళు ఊళ్ళో ఒక బల్ల దగ్గర కూర్చుని భోంచేయడానికి కూడా సంకోచించేవారు. చివరికి 1989లో కంపెనీవారే న్యూజెర్సీ రాష్ట్ర సెనేటు ముందు ఇది క్రీడ కాదు, వినోదం అని ఒప్పుకున్నారు. క్రీడలమీద ఉండే ప్రభుత్వ నిబంధనల బెడద తప్పించుకోవడానికి! సత్యహరిశ్చంద్రుడి కారణాలు వేరు, వీరి కారణాలు వేరు.

అబద్ధమని తెలిశాక చూసేదేముంది? ఈ ప్రశ్న మా స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు నన్ను కనీసం ఇరవైసార్లు అడిగి ఉంటారు. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే ఈ తగవు ఉంది. ఇంద్రధ్వజోత్సవంలో భరతుడి కొడుకులు మొట్టమొదటి ప్రయోగం చేశారు. దేవతలు దానవులను జయించిన కథ. చూడవచ్చిన దానవులకు ఒళ్ళు మండింది. విఘ్నాలను కూడగట్టుకుని నటుల మాటనూ, కదలికనూ, జ్ఞాపకాన్నీ స్తంభింపజేశారు. ఇంద్రుడు ధ్వజస్తంభం పెరికి వాళ్ళను చితకబాదవలసి వచ్చింది. తరువాత బ్రహ్మ వచ్చి నాయనలారా, ఇది మిమ్మల్ని ఓడించడం కాదు, ముల్లోకాల భావాలను అనుకరించి చూపడం అని నచ్చజెప్పాడు. అంటే ఆటలో ఓటమిని నిజమైన ఓటమి అనుకుని గోదామీదికి ఉరికిన ప్రేక్షకుడు మొదటి నాటకంనాడే ఉన్నాడన్నమాట.

మా అమ్మ ఆ జాతి ప్రేక్షకురాలు కాదు. ఆమెది తెనాలి పక్క పల్లె. చిన్నతనంలో చాపా, దుప్పటీ పట్టుకుపోయి తెల్లవార్లూ పద్యనాటకాలు చూసిన మనిషి. నాన్నగారు పోయాక 1998లో మా ఇంటికి వచ్చేసింది. అప్పటికి మా అబ్బాయికి పన్నెండేళ్ళు. వాడి జేబునిండా కుస్తీవీరుల బొమ్మల ట్రంపు కార్డులు. ఎత్తు, బరువు, ఛాతీ, గెలిచిన పోటీలు అన్నీ అచ్చేసి ఉండేవి. నా తరగతిలో ఎవడి చేతిలో దొరికినా లాక్కుని బీరువాలో పడేసేవాణ్ణి. ఇంట్లోవాటి జోలికి మాత్రం అమ్మ నన్ను పోనివ్వలేదు, వాటిని చూసే ఆమె మనుషులను గుర్తుపట్టేది గనక.

ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఎవడు ఎవడో నాలుగు వారాల్లో తేల్చేసింది. నల్లటోపీ పెట్టుకుని గంట మోగగానే చీకట్లోంచి నడిచివచ్చే అండర్‌టేకర్ 'యముడు'. ముఖానికి తోలు తొడుక్కున్న మాన్‌కైండ్ 'తోలుముసుగు'. యజమాని మెక్‌మాన్‌ను పదిమందిలో నిలబెట్టి కొట్టే స్టీవ్ ఆస్టిన్ 'పాలేరు'. ఆ పాలేరంటే ఆమెకు ప్రాణం. జీవితమంతా కౌలు చెల్లించిన ఇంటి ఆడపడుచుకు ఆ వైరం ఎవరూ అనువదించి చెప్పనక్కరలేకపోయింది. నీలిరంగు ముసుగూ, ఈకల అంగీ వేసుకుని, నేను సూపర్‌హీరోనంటూ గంతులేసే బ్లూ బ్లేజర్ ఒకడుండేవాడు. వాణ్ణి చూస్తే నవ్వాగేది కాదు. "తోలుబొమ్మలాటలో కేతిగాడు లేకపోతే పిల్లలు నిద్రపోతార్రా" అనేది.

"నాన్నమ్మా, ఇదంతా ఉత్తుత్తిదే, తెలుసా?" అని మా అబ్బాయి ఒకసారి ఆమెను ఏడిపించబోయాడు. "దుర్యోధనుడి వేషం వేసినవాడికి తొడలు నిజంగా విరుగుతాయిట్రా? ఎలా పడ్డాడో చూడు" అంది.

ఎలా పడ్డాడో చూడు. ఈ విద్య సారమంతా ఆ మాటలో ఉంది. కొట్టేవాడి బలం కొట్టేవాడిలో లేదు, పడేవాడిలో ఉంది. దెబ్బ తగిలినట్టు ఒప్పించడాన్ని వాళ్ళ పరిభాషలో 'అమ్మడం' అంటారు. ఆంగికం, వాచికం, ఆహార్యం అన్నీ ఇద్దరికీ ఉంటాయి గాని, సాత్త్వికం మాత్రం ఎక్కువగా ఓడేవాడి పాలే. ఇక గోదా మెత్తటి పరుపు కాదు. ఉక్కు దూలాలు, వాటిమీద చెక్కపలకలు, ఆపైన పలచటి మెత్త, దానిమీద బిగించిన గుడ్డ. వెల్లకిల పడేటప్పుడు గడ్డం రొమ్ముకు ఆనించి, ఊపిరి వదిలి, వీపంతా ఒక్కసారి నేలకు తగిలేటట్టు, చేతులు రెండూ పక్కలకు చరిచి పడాలి. పైనున్నవాడు వీడి మెడను తన చేతుల్లో పెట్టుకుని పడేస్తాడు. లోకం దృష్టిలో పరమశత్రువు. నిజానికి ఆ క్షణాన వీడి ప్రాణానికి కాపలాదారు. అయినా నొప్పి నొప్పే. ముగింపు కల్పితం, పాటు యథార్థం.

నాట్యశాస్త్రం ఈ విషయంలో చాలా జాగ్రత్తపడింది. రంగంమీద ఆయుధాలు పట్టేవాడు నరకడం, పొడవడం, నెత్తురు చిందించడం చేయరాదు, సంజ్ఞతో సరిపెట్టాలి అంది. చావును అంకంలో చూపరాదు, ప్రవేశకంలో చెప్పించాలి అంది. భాసుడు ఊరుభంగంలో ఆ కట్టు దాటాడు, అది వేరే సంగతి. ఈ పదకొండో రూపకానికి ఆ కట్టు లేదు. 1998 జూన్ 28న పిట్స్‌బర్గులో మా తోలుముసుగు, అసలు పేరు మిక్ ఫోలీ, ఎత్తయిన ఇనుపపంజరం మీదినుంచి వ్యాఖ్యాతల బల్లమీదికి పడ్డాడు. అది అనుకున్న పాటు. లేచి మళ్ళీ ఎక్కాడు. ఈసారి పంజరం కప్పు ఊడి లోపల గోదాలో పడ్డాడు. అది అనుకోనిది. ఊడిన పన్ను ఒకటి ముక్కులో చేరింది. ఆ మనిషి ఆ తరువాత కూడా పోటీ పూర్తిచేసి ఓడిపోయాడు.

ముగింపు తెలిస్తే రసం పోతుందా అన్న ప్రశ్నకు కూడా అదే ఫోలీ వల్ల ఒక విచిత్రమైన జవాబు దొరికింది. 1999 జనవరి 4 రాత్రి. ఎదుటి కంపెనీవారి 'నైట్రో' అనే కార్యక్రమం అదే సమయానికి వేరే ఛానెల్లో నడుస్తోంది. 'రా'ను కొన్ని రోజుల ముందే చిత్రీకరించి పెట్టుకోవడంతో ఫలితం వాళ్ళకు తెలిసిపోయింది. ఆ రాత్రి అటు ఫోలీ ఛాంపియన్ కాబోతున్నాడని నైట్రో వ్యాఖ్యాత ఎగతాళిగా చెప్పేశాడు. ఫలితం తెలిసిపోయాక అటు ఎవరు చూస్తారని వాళ్ళ లెక్క. విన్న జనం లక్షలమంది వెంటనే ఛానెలు మార్చి అటు వెళ్ళారు! పంజరంమీదినుంచి పడినవాడు గెలుస్తాడట, ఎలా గెలుస్తాడో చూడాలి. తిక్కన భారతం చదివేవాడు కీచకుడు బతికి బయటపడతాడేమోనన్న ఉత్కంఠతోనా చదువుతాడు? నర్తనశాలలోకి వాడు ఎలా నడిచి వచ్చాడో చూడాలని చదువుతాడు.

ఇక చెప్పవలసింది 1999 మే నెల సంగతి. దీన్ని చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

బ్లూ బ్లేజర్ అసలు పేరు ఓవెన్ హార్ట్. కెనడాలో కాల్గరీకి చెందిన స్టూ హార్ట్ అనే వస్తాదు పన్నెండుమంది సంతానంలో ఆఖరివాడు. ముప్ఫైనాలుగేళ్ళు. మే 23న కాన్సస్ సిటీలో ఆ నెల పెద్ద పోటీ. సూపర్‌హీరో ఆకాశంనుంచి దిగినట్టు హాలు పైకప్పునుంచి తాడుతో దించాలన్నది వేషంలో భాగం. పట్టు ఊడే కొక్కెం ముందే విడిపోయింది. సుమారు 24 మీటర్ల ఎత్తునుంచి గోదా మూలకు వచ్చి పడ్డాడు. హాల్లో చాలామంది అది కూడా ఆటలో ముక్కే అనుకున్నారు. ఇది వినోదంలో భాగం కాదని టీవీ వ్యాఖ్యాత జిమ్ రాస్ ప్రేక్షకులకు విడమరచి చెప్పవలసి వచ్చింది. అబద్ధాన్ని నిజమని నమ్మించడానికే నియమించిన గొంతు అది! తీసుకువెళ్ళారు. బతకలేదు. పోటీలు మాత్రం ఆగలేదు. చివరిదాకా నడిపారు.

మరునాడు సోమవారం. ఆనాటి 'రా' మొత్తం అతని సంస్మరణ. మన దగ్గరికి కేబుల్లో ఆలస్యంగా వచ్చింది. సంగతి మా అబ్బాయికి అప్పటికే తెలుసు, నాన్నమ్మకు చెప్పలేదు. టీవీ పెట్టేసరికి వీరులందరూ వరసగా నిలబడి ఉన్నారు. పది గంటలు కొట్టారు. నిన్నటిదాకా ఒకడి గొంతు ఒకడు పిసికినవాళ్ళు పక్కపక్కన నిలబడి చిన్నపిల్లల్లా ఏడుస్తున్నారు. అమ్మ అందరినీ పోల్చుకుంటూ చాలాసేపు చూసింది.

"వీళ్ళంతా ఒకే ఇంటివాళ్ళట్రా?" అంది.

అప్పుడు మా అబ్బాయి చెప్పాడు. కేతిగాడు పోయాడని, ఎలా పోయాడో, ఎక్కడినుంచి పడ్డాడో, ఆ తరువాత ఎన్ని పోటీలు జరిగాయో, తనకు తెలిసినంతా. ఆమె అన్నీ విని ఒక్కటే అడిగింది.

"మరి తెర దించలేదా?"

వాడు నా వంక చూశాడు. గోదాకు తెర ఉండదని, నాలుగువైపులా జనమే ఉంటారని నేను చెప్పబోయాను. అప్పటికే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తరువాత చూడటం మానేసిందా అంటే మానలేదు. 2009లో పోయేదాకా సోమవారాల సంగతి అడుగుతూనే ఉండేది. కాని ఎవరైనా ఎత్తెక్కితే మాత్రం ముఖం తిప్పేసుకుని, "దిగాడా?" అని అడిగేది. ఓవెన్ కుటుంబం కంపెనీమీద దావా వేసింది. 2000లో సుమారు కోటీ ఎనభై లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ అంకె నాకు తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిసినా అమ్మకు చెప్పేవాణ్ణి కాదు. ఆమె అడిగింది డబ్బు లెక్క కాదు.

2023 సెప్టెంబరు 8న ఆ కంపెనీవారు హైదరాబాదు వచ్చారు. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం. మా అబ్బాయి, మనవడు, నేను వెనకవరసలో కూర్చున్నాం. జాన్ సీనా రాగానే పైకప్పు ఎగిరిపోయేంత కేక. నేను చూడాలనుకున్నది సీనాను కాదు. ఆ రాత్రి రియా రిప్లీతో తలపడిన నటాల్యా, ఓవెన్ హార్ట్‌కు స్వయానా మేనకోడలు, అక్క కూతురు. ఈ సంగతి చెబితే మనవడు పెద్దగా పట్టించుకోలేదు. మా అబ్బాయి మాత్రం, ముప్ఫైయేడేళ్ళవాడు, చేతిలో ఫోను జేబులో పెట్టుకున్నాడు.

టీవీలో వినపడని చప్పుడొకటి అక్కడ వినపడింది. మనిషి వెల్లకిల పడ్డప్పుడు గుడ్డకింద చెక్కపలకలు చేసే చప్పుడు. ధాన్యం బస్తా బండిమీదినుంచి అరుగుమీదికి దించినట్టు, అంత దూరానికీ కుర్చీలోకి తెలుస్తుంది. నటాల్యా చాలాసార్లు పడింది. పడ్డప్పుడల్లా గడ్డం రొమ్ముకు ఆనుతోందా లేదా అని చూస్తున్నాను. ఆనుతోంది. చివరికి ఓడింది. ఓడుతుందని మా మనవడు కూడా ముందే చెప్పాడు.

గెలిచినామె బెల్టు ఎత్తి చూపుతుంటే జనమంతా అటే చూస్తున్నారు. మా అబ్బాయి, నేను మాత్రం ఓడినామె లేచి, ఆ పొడవాటి దారి వెంట నడిచి లోపలికి వెళ్ళేదాకా చూస్తూ కూర్చున్నాం.