నౌకాస్థావరం పక్కన రెండు నెలలు

కడపలో నేడు తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రేపు విశాఖపట్నంలో దిగుతాము. దూరం ఒక్క రాత్రి ప్రయాణమే. అయినా మా ఇంట్లో ఆ దూరం చాలా పెద్దదిగా కనిపించిన రోజులున్నాయి. మా చిన్న కుమారుడికి అక్కడి నావల్ డాక్‌యార్డులో సివిలియన్ ఉద్యోగం వచ్చింది. కొన్ని నెలలు అద్దె గదిలో ఉన్న తరువాత అతనికి క్వార్టరు కేటాయించారు. మదరసాకు షాబాన్ మాసంలో వార్షిక సెలవులు ఇవ్వగానే కోడలినీ మనవడినీ తీసుకుని మేమూ మా ఇల్లాలూ బయలుదేరాము. వారి సంసారం కుదుటపడేవరకు, అంటే రమజాను ముగిసి షవ్వాలు వచ్చేవరకు, అక్కడే ఉన్నాము. అటువంటి చోటికి పిల్లలను పంపుతున్న కుటుంబాలు మనలో ఇంకా ఉన్నాయి గనుక, మేము చూసినదీ నేర్చుకున్నదీ వారి కోసం ఇక్కడ రాస్తున్నాము.

బయలుదేరక ముందే బంధువుల మాటలు మొదలయ్యాయి. "సైన్యం వాళ్ల మధ్య మనవాళ్లు ఎలా ఉంటారు? గడ్డం చూసి ఏమంటారో, పేరు విని ఏమంటారో!" అని ఒకరు, "అటువంటి కొలువు మనకు తగునా?" అని మరొకరు. రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం మాకు కష్టం కాలేదు. యూసుఫ్ (అ) ఈజిప్టు రాజు కొలువులో ధాన్యాగారాల బాధ్యతను స్వయంగా కోరి తీసుకున్నారు. తాను కాపాడగలవాడిననీ, ఆ పని తెలిసినవాడిననీ చెప్పి మరీ తీసుకున్నారు. మొదటి ప్రశ్నకు మాత్రం మా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఆ భయం మాలోనూ ఉంది.

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. 1941లో సింధియా నౌకా సంస్థ అక్కడ ఓడల నిర్మాణ కేంద్రానికి పునాది వేసింది. 1948లో అక్కడ తయారైన 'జల ఉష' అనే ఓడను జవహర్‌లాల్ నెహ్రూ సముద్రంలోకి ప్రవేశపెట్టారు. ఆ కేంద్రమే నేటి హిందుస్తాన్ షిప్‌యార్డు. కంపెనీ పేరు మారిపోయినా ఆ పేటను జనం నేటికీ సింధియా అనే పిలుస్తారు. 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే ఉంది. ఊరిలో ఏ బస్సు ఎక్కినా "ఎన్.ఎ.డి." అని కండక్టరు కేక వినిపిస్తుంది. అది నావల్ ఆర్మమెంట్ డిపో, అంటే నౌకాదళ ఆయుధాగారం పేరు. ఆయుధాగారం పేరును కూరగాయల సంచీ పట్టుకున్న ఆడవారు, బడి పిల్లలు రోజూ పలుకుతుంటారు. స్థావరమూ ఊరూ అక్కడ అంతగా కలిసిపోయి ఉన్నాయి.

ఓడరేవు ముఖద్వారం వద్ద మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదానిపై చర్చి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం. వాటికి ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన పెద్ద కొండను డాల్ఫిన్స్ నోస్ అంటారు. ఈ కొండలు అడ్డుగా నిలిచినందువల్లనే లోపలి నీరు నెమ్మదిగా ఉంటుంది, ఓడలకు ఆశ్రయం దొరుకుతుంది.

యూనిఫారం ధరించినవారు ఓడలు నడిపితే, వాటిని బాగుచేసి తిరిగి సముద్రానికి పంపే పనిలో సివిలియన్లు పెద్ద సంఖ్యలో ఉంటారు. వెల్డర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, పెయింటర్లు, గుమాస్తాలు. వీరు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులే గాని సైనికులు కారు. మావాడు ఐ.టి.ఐ. చదివి, పరీక్ష రాసి ఎంపికైన ఫిట్టరు.

ఎంపిక కంటే కాగితాల పని ఎక్కువ కాలం పట్టింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి నడవడికపై పోలీసు విచారణ ఉంటుంది. అందులో పేరు ప్రతి కాగితంలోనూ ఒకే విధంగా ఉండాలి. మన ఇళ్లలో ఈ విషయంలో ఎంత అజాగ్రత్త ఉందో అప్పుడే తెలిసింది. మావాడి పదో తరగతి పత్రంలో 'షేక్' ముందు ఉంది, ఆధార్‌లో చివర ఉంది, రేషన్ కార్డులో లేనే లేదు. తండ్రి పేరుగా మా పేరు మూడు చోట్ల మూడు విధాలుగా ఉంది. ఆలస్యానికి బంధువులు ఏవేవో కారణాలు ఊహించారు. కారణం మా బీరువాలోనే ఉంది! పిల్లవాడిని బడిలో చేర్చే రోజునే ఆ ఒక్క పేరును సరిగా రాయించి ఉంటే ఆ నెలలు కలిసివచ్చేవి.

కాలనీ గేటు వద్ద మొదటిరోజు కాపలా జవాను మమ్మల్ని ఆపి గుర్తింపు పత్రం అడిగాడు. మా గడ్డం, టోపీ చూసే అడిగాడని మనసు చివుక్కుమంది. సామాను దించుకుంటూ అక్కడే కాసేపు నిలబడ్డాము. మా వెనుక వచ్చిన పాలవాడిని అడిగాడు. స్కూటరుపై వచ్చిన ఒక గృహిణిని అడిగాడు. కారులో వచ్చిన పెద్దమనిషి అడగకముందే అద్దం దించి కార్డు చూపాడు. అందరూ చూపుతున్న దానిని మమ్మల్ని మాత్రమే అడిగినట్లు భావించింది మా మనసే. అనుమానించడం పాపమని పిల్లలకు బోధించే మేము ఆ పూట అనుమానించినవారమయ్యాము.

క్వార్టరు రెండు గదులది. ఎదుటి వాటాలో ఒడిశా కుటుంబం, పైన బీహారువారు, పక్కన శ్రీకాకుళం వారు. కడప తెలుగుకూ శ్రీకాకుళం తెలుగుకూ మధ్య మా ఇల్లాలు మొదట్లో తికమకపడింది. నీళ్లు వచ్చే వేళ పక్కింటి ఇల్లాలు తలుపు తట్టి "బేగి రండమ్మా!" అంటే ఈమె సంచీ అడుగుతున్నదనుకుని 'బ్యాగు' తీసుకుని వెళ్లింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వుతోనే స్నేహం కుదిరింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటూ నీళ్లూ లేని రోజుల్లో ఒక్కో అంతస్తువారు ఒక్కో పూట అందరికీ వండారని ఆమె చెప్పింది. పొరుగువాడిని వారసునిగా కూడా చేస్తారేమో అనిపించేంతగా జిబ్రయీల్ (అ) పొరుగువారి హక్కును గురించి నొక్కి చెప్పారని దైవప్రవక్త (స) అన్నారు. ఎవరికీ సొంత ఊరు కాని చోట ఆ మాట మరింత స్పష్టంగా అర్థమైంది. అక్కడ చుట్టాలు దూరం. అవసరానికి పలికేది పొరుగువారే.

గేటు దాటి పదిహేను నిమిషాలు నడిస్తే మసీదు ఉంది. తరావీహ్‌కు కాలనీలోని ముస్లిం ఉద్యోగులు నలుగురైదుగురు కలిసి వెళ్లేవారము. మగ్రిబ్ తరువాత మనవడికి ఖాయిదా చెబుతుంటే మరో ఇద్దరు ఉద్యోగుల పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు. అటువంటి చోట నలుగురు చేరే ఏ పనినైనా నియమాలు తెలుసుకునే చేయాలి. కనుక ముందుగా కాలనీ బాధ్యులతో మాట్లాడి, కాలనీ పిల్లలకే పరిమితమై చెప్పాము. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. బాగుండనిది మా ఇంట్లోనే మొదలైంది.

మావాడు చిన్నప్పటినుంచీ వాగుడుకాయ. కడపలో లేతు మిషను షెడ్డులో పని నేర్చుకునే రోజుల్లో ఏ బోల్టు తిరగలేదో, యజమాని ఎవరిమీద కేకలు వేశాడో తల్లికి పూసగుచ్చినట్లు చెప్పి గాని అన్నం తినేవాడు కాదు. ఇప్పుడు ఇంటికి వస్తే మౌనం. "ఈరోజు ఏం పని చేశావు బేటా?" అని ఆమె అడిగితే "మామూలే అమ్మీ" అంటాడు. నాలుగు రోజులు అదే జవాబు. ఐదోరోజు ఆమె మా దగ్గర కంటతడి పెట్టుకుంది. "వాడిని అక్కడ ఎవరో బాధపెడుతున్నారు. లేదంటే మనకు చెప్పడం చిన్నతనమనుకుంటున్నాడు" అన్నది.

మేము సర్దిచెప్పాలనుకునే లోపే మా తప్పు కూడా ఒకటి బయటపడింది. ఒక సాయంత్రం బీచిరోడ్డు నుంచి దూరాన నిలిచిన ఓడలను చూసి వచ్చి, రాత్రి బావమరిదితో ఫోనులో గొప్పగా చెబుతున్నాము. ఎన్ని ఓడలున్నాయో, అవి ఎలా ఉన్నాయో, వాటిలో మావాడు బాగుచేసేది ఏదై ఉంటుందో! ఫోను పెట్టేదాకా కుమారుడు వేచి ఉన్నాడు. తరువాత పక్కన కూర్చుని నెమ్మదిగా అన్నాడు. "అబ్బా, బీచిలో అందరూ చూసేదే కావచ్చు. కానీ నేను దేనిమీద పనిచేస్తున్నానన్నది ఊహగానైనా మన నోట రాకూడదు. నేను అందుకే అమ్మీకి కూడా చెప్పడం లేదు." డాక్‌యార్డు లోపలికి సెల్‌ఫోను తీసుకువెళ్లనివ్వరని అప్పుడే చెప్పాడు. 2019 డిసెంబరులో నౌకాదళం తన స్థావరాలలో, డాక్‌యార్డులలో, ఓడలపై స్మార్ట్‌ఫోన్లనూ ఫేస్‌బుక్‌నూ నిషేధించిన వార్త మేమూ చదివాము. చదివినది మన ఇంటి సంగతి అని తోచలేదు. అమానతును కాపాడమని ఏళ్ల తరబడి పాఠం చెప్పినవారికి ఆ రాత్రి కొడుకు పాఠం చెప్పాడు.

తరువాతి ఆదివారం మనవడి కోసం రామకృష్ణా బీచిలోని కుర్సురా జలాంతర్గామిని చూడడానికి వెళ్లాము. అది సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంది. పొడవు సుమారు 91 మీటర్లు. లోపలికి వెళ్తే గుండ్రటి ఇరుకు ద్వారాల గుండా వంగి దాటాలి. మంచాలు ఒకదానిపై ఒకటి అల్మరా అరల్లా ఉన్నాయి. అంత ఇరుకులో సుమారు 75 మంది ఉండేవారట. చూపించేవారు నౌకాదళంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న పెద్దాయన. సముద్రంలోకి ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పుడు తిరిగి వచ్చేదీ ఇంట్లో చెప్పేవారం కామని ఆయన అన్నారు. మా ఇల్లాలు పరదా మాటునుంచి, "మరి మీ అమ్మగారు ఏమనేవారండీ?" అని అడిగింది. ఆయన నవ్వి, "అడగడం మానేసిందమ్మా. అన్నం మాత్రం రోజూ ఒకరికి ఎక్కువే వండేదట" అన్నారు. ఆమె దారిపొడవునా మాట్లాడలేదు.

ఆ రాత్రి తరావీహ్ నుంచి వచ్చాక ఆమెకు ఒక హదీసు చెప్పాము. అనస్ (ర) బాలుడిగా తోటి పిల్లలతో ఆడుకుంటున్నప్పుడు దైవప్రవక్త (స) వచ్చి, సలాం చేసి, ఆయనను ఒక పనిమీద పంపారు. ఇంటికి ఆలస్యంగా చేరితే తల్లి ఉమ్మె సులైమ్ (ర) కారణం అడిగారు. దైవప్రవక్త (స) పనిమీద వెళ్లానన్నారు అనస్. ఏ పని అని ఆమె అడిగితే, అది రహస్యమన్నారు. ఆ తల్లి కోపగించలేదు, గుచ్చి అడగలేదు. దైవప్రవక్త (స) రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని తానే బిడ్డకు బోధించారు. ఎన్నో ఏళ్ల తరువాత శిష్యుడైన సాబిత్‌కు ఈ సంగతి వినిపించినప్పుడు కూడా అనస్ (ర) ఆ పని ఏమిటో చెప్పలేదు. ఎవరికైనా చెప్పదలిస్తే నీకే చెప్పేవాడినని మాత్రం అన్నారు.

ప్రవక్త అమానతు ఘనత వేరు, ఒక కొలువు నియమం వేరు. కానీ బిడ్డ అమానతును కాపాడడంలో తల్లి పాత్ర ఏమిటో ఈ హదీసు చెబుతుంది. మా ఇల్లాలు విని చాలాసేపు ఆలోచించింది. తరువాత ఆమె అన్న మాట మాకు తట్టనిది. "ఉమ్మె సులైమ్‌గారు పని ఏమిటని వదిలేశారు, సరే. బిడ్డ ఎందుకు ఆలస్యమయ్యాడని అడిగారు కదా? వాడి పని నాకు వద్దు. వాడి సంగతి నాకు కావాలి."

మరునాడు ఇఫ్తార్ తరువాత ఆమె కుమారుడిని పని గురించి అడగలేదు. "మధ్యాహ్నం అన్నం ఎవరితో తినేవాడివి బేటా, రమజానుకు ముందు?" అని అడిగింది. వాడు తలవంచుకున్నాడు. మొదటి మూడు నెలలు ఒంటరిగా తిన్నానన్నాడు. ఎవరు ఏమనుకుంటారోనని తానే దూరంగా కూర్చునేవాడట. ఒకరోజు పెద్ద వయసు ఫోర్‌మన్ ఒకరు తన డబ్బా తెచ్చి పక్కన కూర్చుని, "ఇందులో కూరగాయలే, నువ్వు తినవచ్చు" అన్నారట. ఆ తరువాత శుక్రవారం జుమాకు వెళ్లిరావడానికి భోజన విరామాన్ని సర్దిపెట్టినదీ ఆయనేనట. మూడు నెలల ఒంటరితనాన్ని వాడు పని రహస్యంతోపాటు మూటకట్టి దాచాడు. పని రహస్యం అమానతు. మనసులోని బాధ అమానతు కాదు. ఈ రెండింటినీ విడదీసి చూడడం వాడికీ తెలియలేదు, మాకూ తెలియలేదు. తెలిసినది తల్లికే.

కనుక అటువంటి చోటికి పిల్లలను పంపే తల్లిదండ్రులతో మా మనవి ఇది. కాగితాలలో పేర్లు సరిచేసుకోండి. గేటు వద్ద అడిగితే నొచ్చుకోకండి. చూసినదంతా ఫోనులో చెప్పకండి. బిడ్డ పనిని అడగకండి. బిడ్డను మాత్రం అడగండి. తిన్నాడా, నిద్రపోయాడా, నమాజు అందిందా, పక్కన ఎవరైనా ఉన్నారా అని రోజూ అడగండి.

షవ్వాలులో మదరసా తెరిచే వేళకు కడప చేరాము. ఇప్పుడు రోజూ ఇషా తరువాత ఫోను వస్తుంది. "పని అయిందా బేటా?" అని మా ఇల్లాలు అడుగుతుంది. "అయింది అమ్మీ" అంటాడు వాడు. అక్కడితో పని సంగతి ముగుస్తుంది. ఆ తరువాత అరగంట మాటలు సాగుతూనే ఉంటాయి. అల్‌హందులిల్లాహ్.

అప్పగించినదానిని కాపాడే శక్తిని మన బిడ్డలకూ, వారిని ఒంటరిగా వదలని వివేకాన్ని మనకూ అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.