పత్తి చెక్క తినని ఆవు

లక్డీకాపూల్ మెట్రో స్టేషన్ దగ్గర ఒక దుకాణంలో సేంద్రియ పాల ప్యాకెట్ ధర చూశాను. పక్కనున్న మామూలు ప్యాకెట్‌కు దాదాపు రెట్టింపు. "ఆవు తినేదాన్ని బట్టి రేటు సార్" అన్నాడు దుకాణం అబ్బాయి. సరిగ్గానే చెప్పాడు.

పాల ఖర్చులో సగానికి పైగా మేతది, దాణాదే. సేంద్రియ నియమాలు పట్టుకునేదీ అక్కడే. దాణాలో యూరియా కలపకూడదు. రసాయన ద్రావకంతో నూనె తీసిన చెక్క పెట్టకూడదు. జన్యుమార్పిడి పంట ఉండకూడదు. ఈ చివరిది మన రైతుకు చాలా బరువు. మన పాడి రైతులు ఎక్కువగా నమ్ముకున్నది పత్తి చెక్కనే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక మన చేలల్లో వేరే పత్తి కనబడటమే అరుదు. అంటే ఊళ్లో సులువుగా దొరికే చెక్క పనికిరాదు. మిల్లు తవుడూ అంతే, ఆ వరికి మందులు కొట్టి ఉంటారు. సొంతంగా మక్కలు వేసుకుందామంటే నేల మారడానికే 2 ఏళ్లు పడుతుంది. ఆ 2 ఏళ్లు దిగుబడి తగ్గినా మామూలు ధరే.

10 లీటర్లిచ్చే సంకరజాతి ఆవుకు రోజుకు 5 కిలోల దాణా అనుకుందాం. సేంద్రియ దాణా కిలోకు 15 రూపాయలు ఎక్కువైతే రోజుకు 75, లీటరుకు ఏడున్నర రూపాయల అదనపు ఖర్చు. (టీచర్లు ఈ లెక్కను ఏడో తరగతిలో చేయించవచ్చు.)

మా గూడెం ఆవులు అడవిలో మేస్తాయి, చెక్క ముఖమే చూడలేదు. అయితే పాలు ఒకటి, రెండు లీటర్లు మించవు. మా కోయ పెద్దలు వాటినీ పితికేవారు కాదు. పాలు దూడవి, ఆ దూడే రేపు అరకకు ఎద్దు. ఇప్పటి పిల్లలు అమ్ముదామంటున్నారు, తప్పేమీ లేదు. దాణా ఖర్చు లేకపోయినా బండి కిరాయి, పాలు చల్లబరిచే ఖర్చు ఆ రెండు లీటర్ల మీదే పడతాయి. పది ఇళ్లు కలిస్తే తప్ప గిట్టదు.

కలవడానికి దారి ఉంది. పీజీఎస్ పద్ధతిలో కనీసం 5 మంది రైతులు గుంపుగా చేరి, ఒకరిది ఒకరు తనిఖీ చేసుకుని ధ్రువపత్రం పొందవచ్చు. కానీ తనిఖీలో మేత ఎక్కడిదని అడుగుతారు. అడవిదని చెబితే, ఏ హక్కుతో అంటారు. 2006 అటవీ హక్కుల చట్టంలో మేపుకునే హక్కు కూడా ఉంది, అది గూడెం మొత్తానికి వచ్చేది. మా దగ్గర పోడు పట్టాలు కొందరికి అందాయి. మేపు హక్కుకు మాత్రం గ్రామసభలో ఇంకా దరఖాస్తే రాయలేదు.