మా జంపని ఇల్లు, ఒక లీకు

తెనాలిలో రేపల్లె రైలెక్కితే చినరావూరు తర్వాత స్టేషను మాదే. ఇయర్‌ఫోన్స్ చిక్కు విడదీసుకునేలోపే దిగే టైమొచ్చేస్తుంది. 1916లో వేసిన లైను ఇది. హైదరాబాద్ నుంచి రాత్రంతా కూర్చుని వచ్చిన నాకు ఈ చివరి కొద్ది నిమిషాలే అసలు ప్రయాణం అనిపిస్తాయి. కిటికీలోంచి చేలు చూస్తే చాలు, ఏ నెలో క్యాలెండర్ లేకుండా చెప్పేయొచ్చు.

ఈసారి మే నెల. మొక్కజొన్న కోసేసిన చేలల్లో నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. కొన్నిచోట్ల అరచెయ్యి నిలువుగా పట్టేంత నెర్రెలు. కాలువలు కట్టేశారు. అడుగున బురద, దాని మీద కొంగలు. స్టేషన్లో నాతోపాటు దిగింది నలుగురే.

నేనొచ్చింది సెలవుకి కాదు. ముందు రోజు పక్కింటి అత్తయ్య ఫోన్ చేసి, "మీ అమ్మ పెరట్లో జారిపడింది గదా, ఇప్పుడెట్టా ఉంది?" అని నన్నే అడిగింది. నాకు తెలిస్తే గదా చెప్పడానికి! రోజూ రాత్రి మాట్లాడుతూనే ఉన్నాను. అంతా బాగానే ఉందనే చెప్తున్నారు ఇద్దరూ.

గేటు తీయగానే అమ్మ మణికట్టుకి క్రేప్ బ్యాండేజీ కనిపించింది. "బెణికిందిలే, ఎముకేం విరగలేదు" అంది నేను నోరు తెరవకముందే. నాన్నేమో "ఇంత దానికి లీవు పెట్టుకుని రావాలా?" అన్నాడు. కథ అంతా విన్నాక తేలిందేంటంటే, పెరట్లో బాత్రూంకి వెళ్లే దారి మూడు నెలలుగా ఆరడం లేదు. పాచి పట్టింది. అమ్మ కాలు జారింది. ట్యాంకు నిలవట్లేదని మోటారు రోజుకు రెండుసార్లు వేస్తున్నారు. కరెంటు లేనప్పుడు చేతిపంపు కొట్టుకుని బకెట్లతో మోసుకుంటున్నారు. అరవై దాటిన ఇద్దరు మనుషులు. "నీకు చెప్తే ఇల్లు తాళం వేసి హైదరాబాద్ వచ్చేయమంటావని చెప్పలేదు" అని అమ్మే నిజం ఒప్పుకుంది.

ఒప్పుకోవాలి, నేను ఆ మాట అనడానికే రైలెక్కాను.

వెనక గోడ సంగతి ముందు చెప్పాలి. వంటింటి కిటికీ కింద మోకాలెత్తు వరకు చెమ్మెక్కింది. సున్నం పెచ్చులు రాలి ఇటుక బయటపడింది. ఇటుక మీద తెల్లగా ఉప్పు. మా బోరు నీళ్లు కాస్త ఉప్పగానే ఉంటాయి, డెల్టాలో చాలా ఊళ్లలో అంతే. 1850లలో బెజవాడ ఆనకట్ట కట్టాక, తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక ఈ నేలకి కృష్ణ నీళ్లు పుష్కలంగా వచ్చాయి. భూమి లోపలి నీటి రుచి మాత్రం అన్ని చోట్లా మారలేదు. అందుకే మా ఇళ్లల్లో వాడుకకి బోరు, వంటకి పంచాయతీ కుళాయి, తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను. ఒకే ఇంట్లో మూడు రకాల నీళ్లు. చుట్టాలొస్తే ఏ గ్లాసులో ఏం పోస్తున్నామో చూసుకోవాలి!

సాయంత్రం అరుగు మీద కూర్చుంటే తెలిసింది, ఈ వీధిలో నీళ్ల బాధ లేని ఇల్లు లేదని. ఎదురింటి పెదనాన్న మోటారు తిరుగుతుంది గానీ నీళ్లెత్తదు. పొద్దున్నే పైపులో చెంబుతో నీళ్లు పోస్తే ఎత్తుతుంది, మర్నాడు మళ్లీ మామూలే. అది మోటారు జబ్బు కాదు. అడుగున ఫుట్ వాల్వులో ఏ ఇసుక రేణువో ఇరుక్కుని, రాత్రికి రాత్రి పైపులో నీళ్లన్నీ కిందికి జారిపోతున్నాయి. ఆయన మాత్రం రెండుసార్లు మోటారే రిపేరు చేయించాడు. అత్తయ్య వాళ్ల షవర్లో రంధ్రాలన్నీ తెల్లగా పూడుకుపోయాయి. "ఒక రాత్రి వెనిగర్లో నానబెట్టండి" అన్నాను. "నిమ్మకాయ చాలదా?" అంది. చాలు. ఇంకొకళ్లకి వోల్టేజీ తగ్గినప్పుడల్లా మోటారు మూలుగుతుంది తప్ప తిరగదు. కండెన్సర్ మార్చి చూడమని నలుగురూ ఒకేసారి చెప్పారు. ఊళ్లో అందరూ సగం ప్లంబర్లే, సగం ఎలక్ట్రీషియన్లే. ఎందుకంటే అసలువాడు రావడానికి వారం పడుతుంది.

మా ప్లంబర్ బాబాయ్‌కి ఫోన్ చేస్తే ఎల్లుండి అన్నాడు. సరే, ఈలోపు నాకు చేతనైంది చేద్దామనుకున్నాను. నాకొచ్చింది ఒకటే పని, బగ్ ఎక్కడుందో వెతకడం. కోడ్ అయినా పైపులైనా పద్ధతి ఒకటే. ముందు సగానికి విడగొట్టాలి.

మిద్దె మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు. దాన్నుంచి రెండు లైన్లు దిగుతాయి. ఒకటి వంటింటికి, ఒకటి పెరటి బాత్రూంకి. మొదటి రాత్రి రెండూ తెరిచే ఉంచి, పది గంటలకి ట్యాంకులో కర్ర దింపి తడి గుర్తు మీద గీత పెట్టాను. ఎవరూ కుళాయి తిప్పొద్దని చెప్పి పడుకున్నాను. పొద్దున ఆరింటికి మళ్లీ దింపితే రెండంగుళాలు తగ్గింది. మీటరు వెడల్పు ట్యాంకులో రెండంగుళాలంటే దాదాపు 40 లీటర్లు. ఎనిమిది గంటలకి అంత పోతే రోజుకి 120. పల్లెల్లో ప్రతి ఇంటికీ కుళాయి ఇస్తామంటూ 2019లో మొదలుపెట్టిన జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకి 55 లీటర్లు. ఇద్దరికి 110. అంటే మా అమ్మానాన్నలు వాడాల్సిన నీళ్లకంటే ఎక్కువే నేల తాగేస్తోంది, అదీ మోటారు కరెంటుతో పైకెక్కించాక!

మర్నాడు రెండు గేటు వాల్వులూ కట్టేసి రెండు గంటలు చూశాను. గీత కదల్లేదు. ట్యాంకు మంచిదే. వంటింటి లైను ఒక్కటే తెరిచాను. కదల్లేదు. బాత్రూం లైను తెరిచాను. దిగింది. దొరికాడు దొంగ! ఈ మొత్తానికి ఖర్చు ఒక కర్ర, ఒక మార్కర్. మీ ఇంట్లో గోడ చెమ్మగా ఉంటే పగలగొట్టే ముందు ఇది చేయండి. ఇక మీటరు ఉన్న కనెక్షనైతే మరీ తేలిక, కుళాయిలన్నీ కట్టేసి మీటరు తిరుగుతోందా లేదా చూస్తే చాలు.

ఏ లైనో తెలిసింది. ఆ లైను ఎటు పోయిందో తెలియాలి. నాన్న కుర్చీలోంచి లేచి, కిటికీ కింద వేలితో గీశాడు. "ఇక్కణ్ణుంచి దిగి, ఇట్టా అడ్డంగా పోయి, ఆ మూల బయటికెళ్తుంది. నేనే దగ్గరుండి వేయించా." అనుమానమెందుకు? నాన్న లెక్కల మాస్టారు. ఇంట్లో ప్రతి మేకూ ఎప్పుడు, ఎందుకు కొట్టాడో చెప్పగల మనిషి. పైగా చెమ్మ కూడా అక్కడే ఉంది.

ప్లంబర్ బాబాయ్ వచ్చాడు. సుత్తి, ఉలి తీసి గోడ తవ్వాడు. గంట తర్వాత పాత జీఐ పైపు బయటపడింది, తుప్పు పట్టి ఎర్రగా. రంపంతో కోస్తే లోపల నీటి చుక్క లేదు. రెండు వేళ్ల కన్నంలో సగం తుప్పే పూడుకుపోయి ఉంది. పైపు చివర క్యాప్ బిగించి ఉంది. ఎప్పుడో ఆపేసిన లైను.

వంటింట్లోంచి అమ్మ, "అది పుష్కరాలప్పుడే ఆపేశాంగా" అంది.

"పుష్కరాలకే గదా వేయించింది?" అన్నాడు నాన్న.

"వేయించింది మొదటి పుష్కరాలకి. నేననేది రెండోవి."

కృష్ణా పుష్కరాలు 2004లో వచ్చాయి, మళ్లీ 2016లో వచ్చాయి. 2004లో చుట్టాలొస్తారని పెరట్లో బాత్రూం కట్టించారు, జీఐ పైపు గోడలోంచి వేశారు. ఉప్పు నీళ్లకి అది పన్నెండేళ్లలో తినేసింది. 2016లో మళ్లీ చుట్టాలు. ఈసారి గోడ పగలగొట్టే తీరిక లేక, సీపీవీసీ పైపు బయట గోడ వెంట దించి, దారి కింద పూడ్చి బాత్రూంకి కలిపారు. అప్పుడు నేను ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నాను. నాకు తెలియకపోవడం మామూలే.

నాన్న కాసేపు ఆ పైపు ముక్కనే చూశాడు. "అవును గదా" అన్నాడు. తర్వాత ఇంకేం మాట్లాడకుండా వెళ్లి పేపర్ తీసుకున్నాడు. పేజీ తిప్పలేదు. నేనూ, అమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. గ్యాస్ మీద పాలు రెండుసార్లు మర్చిపోయిన సంగతి, తెనాలిలో బండి ఎక్కడ పెట్టాడో వెతుక్కున్న సంగతి అమ్మ ఆ రాత్రి చెప్పింది, మోటారు చప్పుడులో, నాన్నకి వినపడకుండా.

దారి తవ్వితే లీకు రెండడుగుల లోతులోనే దొరికింది, పైపు గోడ దిగి మట్టిలోకి తిరిగే ఎల్బో దగ్గర. వెంట్రుకంత పగులు. చెమ్మ కనిపించింది మాత్రం అక్కడికి ఆరడుగుల దూరంలో, కిటికీ కింద. నీళ్లు పునాది వెంట పాకి, సున్నం ఎక్కడ గుల్లగా ఉందో అక్కడ ఇటుకలోకి ఎక్కాయి. తడి ఉన్నచోటే తూటు ఉంటుందనుకోవడం మా ఇద్దరి తప్పు. మాస్టారిదీ, ఇంజినీరుదీ.

పైపు ఎందుకు పగిలింది? నేను నాసిరకం ఎల్బో అనుకున్నాను. బాబాయ్ నవ్వి, తవ్విన గుంటలోంచి మట్టి గడ్డ తీసి చూపించాడు. "నీళ్లు తాగితే ఉబ్బుద్ది, ఎండితే ముడుచుకుద్ది. మీ ఇల్లు లోతు పునాది మీద ఇసుక పోసి కట్టింది, కదలదు. బాత్రూం పునాది మూడడుగులే, మట్టితోపాటు ఊగుద్ది. మధ్యలో పైపు ఏం చేస్తది?" ఒక చివర కదలని ఇల్లు, రెండో చివర కదిలే బాత్రూం. తొమ్మిదేళ్లు ఊగి ఊగి ఎల్బో దగ్గర తెగింది. ఈ మట్టి గొడవ మా ఒక్క ఊరిదే కాదు. నల్లరేగడిలో ఇళ్లు పగుళ్లివ్వకుండా, అడుగున ఉబ్బెత్తుగా వెడల్పయ్యే ప్రత్యేకమైన పైల్ పునాదుల్ని రూర్కీలోని సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించింది. నా సివిల్ రూమ్మేట్ ఆ రాత్రి ఫోన్లో అరగంట క్లాసు పీకాడు. బాబాయ్ అర నిమిషంలో చెప్పిందే.

సామాను కోసం తెనాలి వెళ్లాను. బోస్ రోడ్డులో ఎండకి జనం నీడ వెతుక్కుంటూ నడుస్తున్నారు. షాపులో కొలత చెప్పడం కూడా ఒక విద్య. "ముప్పావు ఎల్బో" అంటే "సీపీవీసీనా యూపీవీసీనా?" అంటారు. ఆ రెంటికీ కొలతలు వేరు, అతికించే సొల్యూషన్ కూడా వేరు. పాత ముక్క చేతిలో పట్టుకెళ్లడమే ఉత్తమం. నేను తెల్లది తెచ్చి తిట్లు తిని, మళ్లీ వెళ్లి లేత పసుపుది తెచ్చాను. పాత జీఐ పైపుని పాత సామాన్లవాడికి ఇచ్చేశాం. తెనాలి శిల్పులు ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. మా పుష్కరాల పైపు ఏ విగ్రహం మోచేతిలోనో తేలినా ఆశ్చర్యం లేదు.

బాబాయ్ కొత్త ఎల్బో పెట్టి, పైపుని దానికంటే లావు పైపులో దూర్చి, చుట్టూ మట్టి కాకుండా ఇసుక పోశాడు. బాత్రూం గోడ దగ్గర మూరెడు ఫ్లెక్సిబుల్ హోస్ కలిపాడు. "ఇక ఊగనీ" అన్నాడు. ఆయన వయసు కూడా అరవై దగ్గర. కొడుకు చెన్నైలో ఏసీ మెకానిక్కట. ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో ఏ పైపు ఎటు పోయిందో ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు.

ఆ రాత్రి మళ్లీ కర్ర దింపాను. పొద్దున గీత ఎక్కడుందో అక్కడే ఉంది. హైదరాబాద్ మాట ఎత్తడానికి అంతకంటే మంచి టైం దొరకదు. ఎత్తాను కూడా, సగం. అమ్మ "చూద్దాంలే" అంది. నాన్న నా ఫోన్ అడిగి తీసుకున్నాడు. గుంట పూడ్చకముందు నేను తీసిన ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాడు. తర్వాత పెన్సిలు, స్కేలు తెచ్చి, మోటారు స్విచ్చుబోర్డు పక్కన సున్నం గోడ మీద బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. బోర్డు మీద జామెట్రీ చెప్పినంత శ్రద్ధగా. 2004 చుక్కల గీత, 2016 మామూలు గీత, ఈ ఏడాది చేసింది డబుల్ గీత. గేటు వాల్వులకి ఏ, బీ అని పేర్లు. "ఏ కడితే బాత్రూం ఆగుతుంది" అని కింద రాశాడు.

అమ్మ వచ్చి చూసి, "ఏ వంటింటిది. బాత్రూంది బీ" అంది.

నాన్న మిద్దెక్కి చూసొచ్చాడు. వచ్చి, వేలు తడి చేసుకుని ఏ చెరిపి బీ రాశాడు. నా రైలుకి ఇంకా గంట టైముంది. ఏ కడితే ఏం ఆగుతుందో కూడా రాయమని అమ్మ పక్కనే నిలబడి చెప్తోంది.